బ్రేకు తొక్కని రామ్మోహనరావు

రామ్మోహనరావు గారు కారు బ్రేకు తొక్కరు. తొక్కడం రాక కాదు, బ్రేకు చెడిపోయీ కాదు. తొక్కితే అరుగుతుందని.

"ఆ పెడల్ మీద కాలు పెట్టిన ప్రతిసారీ అర్ధ రూపాయి రోడ్డు మీద పారేసినట్టేనయ్యా" అనేవారు. "ప్యాడ్లు అరుగుతాయి, డిస్కులు అరుగుతాయి. ముందుకెళ్లడానికి ఖర్చంటే అర్థం ఉంది. ఆగడానికి కూడా ఖర్చేమిటి? మా బాపట్ల వైపు ఎడ్లబండి చూడు, హో అంటే ఆగుతుంది. పైసా ఖర్చు లేదు."

ఈ మాట ఆయన ఇద్దరు ముగ్గురి దగ్గరే అని ఉంటారు. ఊరంతా పాకించింది మాత్రం ఉపేందర్. నాచారం పారిశ్రామికవాడ మొదట్లో ఉపేందర్‌ది కార్లు బాగుచేసే షెడ్డు. ఇంటర్ మధ్యలో వదిలేసిన మనిషి. పరీక్ష హాల్లోంచి తనే లేచి వచ్చేశానని కొన్నాళ్లు చెప్పుకున్నాడు, తన జవాబులు దిద్దలేక బోర్డువాళ్లే చేతులెత్తేశారని ఇంకొన్నాళ్లు చెప్పుకున్నాడు. కారు పని ఎంత బాగా చేస్తాడో కోతలు అంతకంటే బాగా కోస్తాడు. బండి విప్పాడంటే దాని యజమాని స్టూలు మీద కూర్చుని రామ్మోహనరావు గారి కథ ఒకటి వినాల్సిందే. ఒక్కోసారి పని అయిపోయేది గానీ కథ అయ్యేది కాదు.

"నువ్వు నమ్మవన్నా" అని మొదలుపెట్టేవాడు. "సార్ ఉప్పల్ చౌరస్తాకు పోతుండు. ఆడ సిగ్నల్ ఎర్రగ పడ్డదని హబ్సిగూడ కాడ్నుంచే కాలు తీసేసిండు. రెండో గేరు, ఒకటో గేరు. బండి నడుస్తున్నదా నిలబడ్డదా ఆ దేవునికే తెల్వాలె. జామకాయలాయన పక్కపొంటి నడుసుకుంట కిలో తూకమేసిండు, కోసి ఉప్పుకారం సల్లిండు, చిల్లర గూడ ఇచ్చిండు. సార్ చౌరస్తకు చేరంగనే పచ్చ పడ్డది. సిగ్నల్‌కు గూడ ఎరుకే అన్నా, ఈయన ఆగడని!"

"నిజమా?" అని ఎవరైనా నోరు తెరిస్తే ఇంకో కథ వచ్చి పడేది.

"నిజమా అంటవా? ట్రాఫిక్ పోలీసు చెయ్యి అడ్డం పెట్టిండొకనాడు. సార్ ఆపుతడా? అదే నడకల కిటికీలకెళ్లి లైసెన్సు ఇచ్చిండు, ఇన్సూరెన్సు ఇచ్చిండు, ఆర్సీ ఇచ్చిండు. పోలీసాయన పక్కన నడుసుకుంట అన్ని కాయితాలు సూసిండు. రామంతాపూర్ కాడ వాపసిచ్చి ఏమన్నడో ఎరుకేనా? 'సార్, నా డ్యూటీ ఉప్పల్ల ఉంటది, నన్ను జర ఎనకకు దింపిపోతవా' అన్నడు."

ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజున ఆ జనంలో ఆగడం ఇష్టం లేక సారు స్టేడియం చుట్టూ తిరుగుతూనే ఉన్నారనీ, రెండో ఇన్నింగ్స్ అయ్యాక జనం పోతే అప్పుడు ఇల్లు చేరారనీ మరో కథ. అందరూ ఇల్లు కట్టేటప్పుడు వాస్తు చూస్తే ఈయన ఎత్తు చూశారని ఇంకొకటి. ఇందులో కొంత నిజమూ ఉంది. గేటు ముందు పొడుగ్గా, వాలుగా సిమెంటు ర్యాంపు పోయించుకున్నారు. అది ఎక్కేసరికి ఊపిరైపోయి కారు దానంతటదే నిలబడేది.

షెడ్డుకు వచ్చినా అంతే. సందు మొదట్లో హారన్ వినపడగానే ఉపేందర్ "సార్ వస్తుండు!" అని కేకేసి కట్టెదుంగ పట్టుకుని పరుగెత్తేవాడు. ముందు చక్రం వచ్చి మెల్లగా ఆ దుంగకు ఆనుకునేది. అదే ఆయన ఆగడం.

పక్క సీట్లో వీపు వెనక దిండు పెట్టుకుని ఎప్పుడూ ఆయన భార్య సుబ్బులు గారు ఉండేవారు. నాచారంలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నా ఆవిడ మాటలో బాపట్ల పోలేదు.

"ఏమయ్యా ఉపేందరూ, నువ్వైనా చెప్పవయ్యా మీ సారుకి. నలుగురూ నవ్వుతున్నారు. అర్ధ రూపాయికి పరువు తీస్తున్నారు."

"పరువు అరగదే సుబ్బులూ. ప్యాడ్లు అరుగుతాయి" అనేవారు రామ్మోహనరావు గారు, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే.

"నేనేం జెప్తనమ్మా, అందరు సార్ లెక్క నడిపిస్తే నా షెడ్డుకు తాళమే" అనేవాడు ఉపేందర్.

ఆవిడకు ఒంట్లో బాగోదని అందరికీ తెలుసు. క్యాన్సరనీ, వారం వారం హాస్పిటల్‌కు తీసుకెళ్లి తీసుకొస్తారనీ తెలుసు. అయినా అంత జబ్బు మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని కూడా ప్యాడ్ల లెక్కలు చూసుకునే మొగుణ్ని చూస్తే నవ్వకుండా ఎవరుంటారు? నాచారమంతా నవ్వింది. అందరికంటే గట్టిగా ఉపేందర్ నవ్వాడు.

ఈ వానాకాలం మొదట్లో సుబ్బులు గారు పోయారు.

పదో రోజున ఉపేందర్ వెళ్లాడు. రామ్మోహనరావు గారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. "రావయ్యా" అన్నారు, అంతే. ర్యాంపు మీద కారు వానకు తడుస్తోంది. అద్దం మీద రాలిన వేపాకులు అతుక్కుపోయి ఉన్నాయి. వానలు పోయేదాకా అది అక్కణ్నించి కదల్లేదు. షెడ్డులో ఎవరైనా "సార్ కథ ఒకటి కొట్టన్నా" అంటే, "యాదికొస్తలేదు" అనేవాడు ఉపేందర్. కోతల మనిషికి కోతలు దొరకని రోజులవి.

కార్తీకంలో ఒక గురువారం, హారన్ కంటే ముందు చప్పుడు వినిపించింది. ఇనుప గమేళాను బండరాయి మీద ఈడ్చినట్టు గరగరమని. కట్టెదుంగ పట్టుకుని ఉపేందర్ బయటికొచ్చాడు. చక్రం వచ్చి దుంగకు ఆనుకుంది. పక్క సీట్లో దిండు మాత్రమే ఉంది.

"సోమవారానికి సిద్ధం చెయ్యాలయ్యా" అన్నారు రామ్మోహనరావు గారు దిగుతూ. మనిషి సగమయ్యారు. చొక్కా గుండీలు ఒకటి తప్పి పెట్టుకున్నారు.

"ఏముంది సార్ సోమవారం?"

"శాంతాబాయికి కరెంటు మొదలు."

శాంతాబాయి అంటే వాళ్లింటి కింది వాటాలో అద్దెకుండే ఆవిడ. ఒంటరి మనిషి. ఆఖరి నెలల్లో సుబ్బులు గారికి తల దువ్వింది, చీర మార్చింది, అన్నం కలిపి పెట్టింది ఆవిడే. ఇప్పుడు ఆవిడకూ అదే జబ్బు బయటపడింది. కరెంటంటే రేడియేషన్. వారాల తరబడి వెళ్లి రావాలి.

"ఆటోలో పోతానంటోంది. ఈ రోడ్ల మీద ఆటోలో ఏం పోతుంది? నేను దింపాలి. ఎలాగైనా సోమవారానికి ఇచ్చెయ్యి."

ఉపేందర్ జాకీ పెట్టి ముందు చక్రం విప్పాడు. విప్పి, అలాగే గొంతుకూర్చుని ఉండిపోయాడు.

ప్యాడ్లు కొత్త పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. మూడేళ్ల కింద తన చేత్తో బిగించినవే, మందం మందంగానే ఉన్నాయి. ప్యాడ్లు పట్టి ఆపే డిస్కు మాత్రం పాతబావి గిలకలా ఉంది. అద్దంలా మెరవాల్సిన ఇనుము మీద ఎర్రటి తుప్పు గుంటలు గుంటలుగా తినేసింది. అంచులు పెచ్చులు లేస్తున్నాయి.

అవతల ఇనుము చెక్కే లేత్ షాపు రామస్వామిని పిలిచాడు. "మామా, లేత్ మీద కొట్టి సాపు జేస్తవా?"

రామస్వామి గోరుతో గీకి చూశాడు. "తుప్పు లోపటిదాంక తిన్నది. కొడితే అప్పడం లెక్క పల్సగైతది. మార్చాల్సిందే." తర్వాత ప్యాడ్లు చూశాడు. ఆయనకు నవ్వాగలేదు. "తొక్కి తొక్కి బ్రేకులు ఖరాబ్ జేసుకున్నోళ్లను మస్తు మందిని సూసిన. తొక్కక ఖరాబ్ జేసుకున్నోన్ని ఇప్పుడే సూస్తున్న!"

"అరగకుండా దాచానయ్యా" అన్నారు రామ్మోహనరావు గారు అయోమయంగా.

"గదే సార్ తప్పు" అన్నాడు ఉపేందర్. "రోజు ప్యాడు ఒరుసుకుంటెనే డిస్కు సాపుగ ఉంటది. ఒరుసుకోకుంటే తుప్పు. పైంగ వానల నిలబెట్టిన్రు. ఇప్పుడు డిస్కులు రెండు, ప్యాడ్లు గూడ మార్చాలె. కొత్త డిస్కుకు పాత ప్యాడ్లు పనికిరావు."

ఇక ఖర్చు. ఉపేందర్ గొంతు సవరించుకున్నాడు. రామ్మోహనరావు గారితో బేరమంటే మాటలు కాదు, ఒకప్పుడు వైపర్ బ్లేడు కోసం పూటంతా వాదించిన మనిషి.

"డిస్కులు జత మూడువేల ఆర్నూర్లు. ప్యాడ్లు పద్నాలుగునూర్లు. బ్రేకాయిలు, మజూరి కలిపి ఇంకొక వెయ్యి. ఆరువేలు సార్. షోరూముకు పోతే తొమ్మిదికి తక్కువ గాదు."

"సరే" అన్నారు రామ్మోహనరావు గారు.

ఉపేందర్‌కు భయమేసింది. "సార్, ఆరువేలు."

"విన్నానయ్యా. సోమవారానికి మాత్రం ఇయ్యి."

ఆయన ఆటో కూడా పిలవకుండా నడుచుకుంటూ వెళ్లిపోయారు. సందు మలుపు తిరిగేదాకా రామస్వామి నవ్వుతూనే ఉన్నాడు. ఉపేందర్ కూడా నవ్వబోయాడు గానీ, చేతిలో ఉన్న ఆ ప్యాడు వైపు చూసి ఆగిపోయాడు. ఒకప్పుడు ఈ సారే ఏడాదికో సెట్టు ప్యాడ్లు తినేవాడు. కీచుమని వచ్చి షెడ్డు ముందు ఆగేవాడు. రిటైరయ్యాక పిసినారి అయ్యాడని అందరూ అనుకున్నారు. తనూ అదే అనుకున్నాడు.

శనివారం సాయంత్రానికి పని అయిపోయింది. ఒక పని మాత్రం మిగిలింది. కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు ఒకదానికొకటి అలవాటు పడాలి. ఖాళీ రోడ్డు మీద వేగంగా పోయి గట్టిగా తొక్కాలి, మళ్లీ పోయి మళ్లీ తొక్కాలి. అప్పుడే పట్టు కుదురుతుంది. ఏ కారుకైనా ఉపేందరే చేస్తాడు. ఈసారి మాత్రం అతనికి కోతి బుద్ధి పుట్టింది. టీ కొట్టు దగ్గర అందరి ముందూ చెయ్యెత్తి చెప్పాడు.

"రేపు సార్ తోనే తొక్కిపిస్త. తొక్కకుంటే అందరికి ఛాయ్ నాది!"

"నువ్వు ఓడుతవ్ బిడ్డా" అన్నాడు రామస్వామి.

ఆదివారం ఫ్యాక్టరీలకు సెలవు. పారిశ్రామికవాడ రోడ్డు ఊడ్చినట్టు ఖాళీగా ఉంది. రామ్మోహనరావు గారు స్టీరింగు ముందు కూర్చున్నారు. పక్క సీట్లో కూర్చోబోతూ ఉపేందర్ దిండు తీసి వెనక సీట్లోకి పడెయ్యబోయాడు.

"వెనక పడెయ్యకయ్యా. ఒళ్లో పెట్టుకో."

ఉపేందర్ దిండును పసిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నాడు. కారు కదిలింది, వేగం అందుకుంది.

"ఆఁ, ఇప్పుడు తొక్కున్రి సార్."

కారు మెల్లమెల్లగా నెమ్మదించింది.

"గట్టిగ సార్! గుంజి కొట్టినట్టు ఆగాలె."

"తొక్కుతున్నానయ్యా."

"ఏడ తొక్కుతున్రు? పెడల్ మీద పాదం పెట్టి ఆశీర్వాదం ఇస్తున్రు!"

మళ్లీ వేగం, మళ్లీ అదే. మూడోసారీ అంతే. "ఆరువేలు పెట్టినంక గూడ గీ పిసినారితనమేంది సార్?" అన్నాడు ఉపేందర్ నవ్వుతూ. "తొక్కితే నేను వేరే పైసలు అడగ, తొక్కున్రి!"

కారు ఒక మూసిన గేటు పక్కకు చేరి దానంతటదే ఆగింది. రామ్మోహనరావు గారు ఇంజను ఆపేశారు.

"కాలు వెళ్లడం లేదయ్యా" అన్నారు.

ఉపేందర్ నవ్వు సగంలో నిలిచిపోయింది.

"సుబ్బులుకి వెన్నెముకలోకి పాకింది. నీకు తెలుసో లేదో."

"జబ్బని ఎరుకే సార్. గంత ఎరుక లేదు."

"మూడేళ్ల కింద ఒకసారి హాస్పిటల్ నుంచి వస్తున్నాం. లాలాపేట ఫ్లైఓవర్ దిగుతుంటే కుక్క అడ్డమొచ్చింది. బ్రేకు కొట్టాను. ఆవిడ అరవలేదు. డోరు పిడి పట్టుకుని అలా బిగుసుకుపోయింది. మొహం సున్నం కొట్టినట్టయింది. కాసేపటికి 'కుక్కకేం కాలేదుగా' అంది." ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "మర్నాటి నుంచి మెల్లగా నడిపాను. కనిపెట్టేసింది. నా కోసం మీరింత అవస్థ పడక్కర్లేదు, ఆటోలో పోతానని పట్టుబట్టింది. ఒకరికి బరువయ్యానని తెలిస్తే ఆవిడ ముద్ద మింగదు. నీ కోసం కాదే, ప్యాడ్లు అరుగుతాయని అన్నాను."

"నమ్మిందా సార్?"

"మొదట నమ్మలేదు. నమ్మించడానికి ఉల్లిపాయల దగ్గరా, వైపర్ల దగ్గరా కూడా పిసినారిని కావలసి వచ్చింది. తర్వాత నువ్వు సాయం చేశావు."

"నేనా?"

"ఊరంతా కథలు చెప్పావుగా. అవి తిరిగి తిరిగి ఆవిడ చెవిన పడ్డాయి. ఊరే అంటుంటే ఇంక నమ్మక ఏం చేస్తుంది? అప్పట్నుంచి ఇంటి దగ్గర మొదలెట్టి హాస్పిటల్ గేటు దాకా నన్ను తిట్టేది. తిడుతుంటే దారి తెలిసేది కాదు ఆవిడకి. ఆ పోలీసు కథ విన్నరోజు నవ్వింది. నవ్వితే నొప్పయ్యా. అయినా ఆపుకోలేక నవ్వింది."

ఒళ్లో దిండు గలేబు మీద కొబ్బరినూనె మరక ఉంది. ఉపేందర్ దాన్ని అరచేత్తో కప్పి కూర్చున్నాడు.

"సార్" అన్నాడు. "రేపు ఈ సీట్ల శాంతాబాయమ్మ కూసుంటది. ఏ పోరగాడన్న అడ్డమొస్తే ఆగాలె గద. పట్టు కుదరని బ్రేకుల మీద నేను బండి ఇయ్య. బ్రేకు మీద నమ్మకముంటెనే తొక్కకుండ నడపొచ్చు సార్."

రామ్మోహనరావు గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"ఇప్పుడు ఈడ నేనున్న సార్. నా ఎన్నుపూస మంచిగున్నది, బొక్కలన్ని మంచిగున్నయ్. నాకేం కాదు. తొక్కున్రి."

ఆయన ఇంజను వేశారు. రెండో గేరు, మూడో గేరు. ఫ్యాక్టరీ గోడలు వెనక్కి పరుగెత్తాయి. ఉపేందర్ కళ్లు మూసుకున్నాడు.

కీచుమంది. కారు ముక్కు నేలకు వంగింది. ఉపేందర్ మాత్రం ముందుకు పోలేదు. గుండెకు అడ్డంగా ఏదో గట్టిగా ఆనింది. కళ్లు తెరిచి చూశాడు. రామ్మోహనరావు గారి ఎడమ చెయ్యి. గేరు వదిలి దానంతటది వచ్చి, కడ్డీలా అడ్డం పడి, పక్కసీటు మనిషిని సీటుకు అదిమి పట్టుకుని ఉంది.

ఇద్దరూ ఆ చెయ్యి వైపు చూశారు.

"అలవాటయ్యా" అన్నారు రామ్మోహనరావు గారు, వెనక్కి తీసుకోబోతూ.

"ఉండనియ్యున్రి సార్" అన్నాడు ఉపేందర్.

మళ్లీ తొక్కారు. తొక్కిన ప్రతిసారీ ఆ చెయ్యి వచ్చింది. కొత్త ప్యాడ్ల మాడు వాసన కారంతా నిండేసరికి బ్రేకు పట్టు కుదిరింది. రామ్మోహనరావు గారు స్టీరింగు మీద తల వాల్చి ఉండిపోయారు. ఉపేందర్ కిటికీలోంచి మూసిన ఫ్యాక్టరీ గేటునే చూస్తూ, దాని మీద రాసినదంతా మెల్లగా కూడబలుక్కుని చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

షెడ్డు దగ్గర అందరూ కాచుకుని ఉన్నారు.

"ఏమాయె? తొక్కిండా?" అన్నాడు రామస్వామి.

"తొక్కలే" అన్నాడు ఉపేందర్. "చచ్చినా తొక్కలే. నేనే ఓడిన. తాగుండ్రి ఛాయ్."

ఉపేందర్ ఓడిపోయానని ఒప్పుకోవడం నాచారం చరిత్రలో లేదు. ఆ వింతలో పడి, చక్రాల దగ్గర్నుంచి వస్తున్న మాడు వాసన ఎవరూ పట్టించుకోలేదు.

సోమవారం పొద్దున సందు మొదట్లో హారన్ మోగింది. ఉపేందర్ బయటికొచ్చాడు. కారు ఆగలేదు, నడక వేగంలో వస్తోంది. ముందు సీట్లో శాంతాబాయి. వీపు వెనక దిండు, చెయ్యి డోరు పిడి మీద. ఉపేందర్‌ని చూసి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఓ ఉపేందర్! కొత్త బ్రేకులేసినవంట గద. మరి గీ సారేంది, పెండ్లి ఊరేగింపు లెక్క నడిపిస్తుండు? నా నొప్పి కోసం గిట్ల పోతుండేమో. నాకొద్దు నాయనా గీ రుణం. ఆపుమను, దిగి ఆటోల పోత."

రామ్మోహనరావు గారు రోడ్డు వంక చూస్తున్నారు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

ఉపేందర్ కారు పక్కనే నడుస్తూ నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నీ కోసమా? గీ సారు నీ కోసం జేస్తడా అమ్మా? ఆరువేలు ఖర్సయినయని మొన్నటి సంది కడుపునిండ తింటలేడు. కొత్త బ్రేకులు ఏడాదిదాంక తొక్కొద్దని నేనే జెప్పిన. తొక్కితే గ్యారంటీ పోతది!"

లేత్ షాపు గుమ్మంలో రామస్వామికి టీ పొలమారింది. ముప్పై ఏళ్ల వృత్తిలో ఇంత పచ్చి అబద్ధం ఆయన వినలేదు. ఉపేందర్ కళ్లురిమి చూశాడు.

"చూశావా శాంతాబాయీ, చెప్తే నమ్మలేదు" అన్నారు రామ్మోహనరావు గారు గంభీరంగా. "ఆరు వేలమ్మా! ఊరికే వస్తాయా?"

"థూ, నీ పైసల్ల మన్నువడ!" అంది శాంతాబాయి. "రోగమొచ్చిన మనిషిని పక్కల కూసోవెట్టుకోని గ్యారంటీ సూసుకుంటవా సారూ? గిసొంటి మొగోనితోని సుబ్బులక్క ఎట్ల ఏగిందో ఏమో! నేనైతెనా..."

అక్కణ్నించి తిట్లు మొదలయ్యాయి. కారు గుంతను చుట్టి, స్పీడుబ్రేకరును చీమలా ఎక్కి చీమలా దిగి, మలుపు వైపు సాగింది. ఆ నోటి ధాటికి వెనకున్న ఆటోవాడు హారన్ కొట్టడం కూడా మరిచిపోయాడు. తిట్టడానికి ఒక్క చెయ్యి చాల్లేదు కాబోలు, మలుపు తిరిగేలోపు శాంతాబాయి డోరు పిడి వదిలేసింది.